వయసు మీఱినవారి బంతియాట కూటములు



నేను ముప్పది రెండేండ్లు బడిపంతులుగా నుండి పని విరమించినవాఁడను. విరమించిన దినమున పూలదండ వేసిరి, శాలువ కప్పిరి, నాలుగు మంచిమాటలు చెప్పిరి. మఱునాఁటి యుదయమున బడిగంట మ్రోఁగఁగానే నా కాళ్లు తమంతఁ దామే లేచినవి. ఎక్కడికిఁ బోవలయునో తెలియక మఱల కూర్చుండితిని. కొన్ని నెలలకు జ్వరము తగిలి పది దినములు మంచము పట్టితిని. లేచి అరుగుమీఁదికి వచ్చినప్పుడు ప్రక్కయింటి మిత్రుఁడు "ఏమండీ పంతులుగారూ, ఊరు వెళ్లి వచ్చినారా యేమి?" అని యడిగెను. ఆయన తప్పేమియు లేదు. నేను రాలేదని గుర్తువేసికొను పుస్తకము లోకములో నెక్కడను లేకపోయెను. అంతకుముందు నే నొక్కపూట రాకున్నచో నలువదిమంది పిల్లలకుఁ దెలిసెడిది.

ఈ సంగతి ముందుగా నేల చెప్పితిననఁగా, నేఁడు మీతో మాటలాడఁ దలఁచిన విషయము పైకి ఆటవలెఁ గనఁబడును గాని దాని వేరు ఇచ్చటనే యున్నది. అమెరికాలోను జపానులోను అఱువది, డెబ్బది యేండ్లు దాఁటినవారు వారము వారము కూడి బేస్‌బాల్ అను బంతియాట నాడుచున్నారు. ఊరకే కాలక్షేపమునకుఁ గాదు. జట్లు కట్టి, పట్టిక వేసికొని, అంపైరును నిలిపి, గెలుపోటములు వ్రాసికొని యాడుచున్నారు. ఇట్టి యేర్పాటునకు లీగు అని పేరు. దానిని నడుపుట యెట్లు? ముదిమిలో నది వారికిచ్చున దేమి? ఈ రెండును నాకుఁ దెలిసినంత మనవి చేయుదును.

మొదట ఆట సంగతి. బిళ్లంగోడు, క్రికెట్టు ఎఱిఁగినవారికి ఇది కష్టము గాదు. చతురస్రమును ఒక మూలమీఁద నిలిపినట్లు భూమిమీఁద నాలుగు స్థానములు గుర్తింతురు. వీనికి బేసులని పేరు. ఒక బేసునుండి మఱియొక బేసునకు 90 అడుగులు, అనఁగా 30 గజములు. క్రికెట్టులో వికెట్ల నడిమి దూరము 22 గజములే కదా. బంతి విసరువాఁడు పిచ్చరు. అతఁడు 60 అడుగుల 6 అంగుళముల దూరమునుండి, నేలకుఁ దగులనీయక బంతిని విసరును. కొట్టువాఁడు గుండ్రని కఱ్ఱతోఁ గొట్టి, కఱ్ఱ నచ్చటనే విడిచి మొదటి బేసునకుఁ బరుగెత్తును. మూఁడు బేసులును చుట్టి బయలుదేరిన చోటికి మఱల వచ్చినచో ఒక పరుగు. ముగ్గురు ఔటైనంతనే ఆ జట్టు వంతు ముగిసి ఎదుటి జట్టు వంతు వచ్చును. ఇట్లు తొమ్మిదేసి వంతులు. జట్టునకుఁ దొమ్మండుగురు. ఎనమండుగురు వచ్చినచో ఆట సరిగా సాగదు. ఈ తొమ్మిది యను సంఖ్యను మనసునం దుంచుకొనుఁడు; దానితో మఱల పని యున్నది.

ఇది యువకుల యాట యని లోకము చాలకాలము తలఁచినది. 1965 సెప్టెంబరులో సాచెల్ పేజ్ అను నల్లజాతి మహాక్రీడాకారుఁడు తన 59వ యేట కాన్సాస్ సిటీ జట్టు పక్షమున మూఁడు వంతులు బంతి విసరి ఎదుటివారి కొక్క పరుగైన నీయలేదు. వర్ణభేదముచేత పెద్ద లీగులవారు 1948వఱకు ఆయనను రానీయలేదు. ఆయన వారిలోఁ జేరునప్పటికే నలువది దాఁటినది. కాని అట్టివాఁడు యుగమున కొక్కఁడు. తక్కినవారి మాట యేమి? బాల్యమున ఆడి, సంసారభారముచేత విడిచి, జుట్టు నెరసిన పిమ్మట మఱల కఱ్ఱ పట్టవలెనని కోరుకొనువాని మాట యేమి? లీగులు పుట్టినది అట్టివారికొఱకు.

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రమున సెయింట్ పీటర్స్‌బర్గ్ అను పట్టణము కలదు. చలికాలమునందును ఎండ కాయు చోటగుటచే పని విరమించినవా రనేకు లచ్చటఁ జేరుదురు. 1930లో నచ్చట వృద్ధుల బంతియాట సంఘ మొకటి యేర్పడినది. దాని పేరు 'ముప్పాతిక శతాబ్ది సాఫ్ట్‌బాల్ క్లబ్బు'. నూఱులో ముప్పాతిక యనఁగా డెబ్బదియైదు. ఆ వయసు వచ్చినవారికొఱకు ఏర్పడినదగుటచే ఆ పేరు. సాఫ్ట్‌బాల్ అనునది బేస్‌బాలునకుఁ జెల్లెలు వంటిది. బంతి పెద్దది, మైదానము చిన్నది, చేతిని క్రిందినుండి యూఁపి బంతిని విసరుదురు. ఆ క్లబ్బులోని రెండు జట్లకు పెట్టిన పేర్లకు 'పసివారు', 'పిల్లకూనలు' అని అర్థము. డెబ్బదియైదేండ్లవారు తమ్ముఁ దామే పసివారని పిలుచుకొనుటలో ఎంత రసికత యున్నదో చూడుఁడు.

అచ్చపు బేస్‌బాలును పెద్దవయసువారికిఁ దెచ్చిన ప్రయత్నములలో ముఖ్యమైనది 1986లో న్యూయార్కు నగరముప్రక్కనున్న లాంగ్ ఐలండులో మొదలైనది. స్టీవ్ సిగ్లర్ అను నాయన మొదట కొలఁది జట్లతో పురుషుల సీనియర్ బేస్‌బాల్ లీగును స్థాపించెను. 1988నాఁటికే అది దేశవ్యాప్త సంస్థయై, ఆరిజోనా ఎడారి ప్రాంతమునఁ దన మొదటి మహాపోటీని జరిపెను. దానిలో వయసునుబట్టి తరగతులు. యువకులకుఁ గొన్ని, నలువది దాఁటినవారికిఁ గొన్ని, అఱువది, డెబ్బది దాఁటినవారికి వేఱు. తండ్రియుఁ గొడుకును ఒక్క జట్టున నాడు తరగతియుఁ గలదు. రాయ్ హాబ్స్ పేరుతో మఱియొక సంస్థ కలదు. వారు ఫ్లోరిడాలోని ఫోర్ట్ మైయర్స్ పట్టణమున ఏఁటేఁట పోటీలు జరుపుదురు. రాయ్ హాబ్స్ నిజపురుషుఁడు గాఁడు. బెర్నార్డ్ మాలమూడ్ 1952లో వ్రాసిన నవలలో, వయసు మీఱినపిమ్మట పెద్ద ఆటకు వచ్చిన నాయకుఁడు. స్త్రీలకును వయసునుబట్టి సాఫ్ట్‌బాల్ జట్లు కలవు.

జపాను సంగతి మనకు మఱింత చేరువ. ఆ దేశమునకీ యాటను 1872లోఁ దెచ్చినవాఁడు హొరేస్ విల్సన్ అను అమెరికా ఉపాధ్యాయుఁడు. బడిపంతులు నాటిన విత్తనమని వినఁగా నాకుఁ గొంత గర్వము గలిగినది, క్షమింపుఁడు. మన ప్రభవాది సంవత్సరముల వలెనే వారికిని అఱువది సంవత్సరముల చక్ర మొకటి కలదు. ఆ చక్రము తిరిగివచ్చిన యేఁటికి 'కన్‌రెకి' యని పేరు. మన షష్టిపూర్తియే యనవచ్చును. మనుష్యుఁడు మఱల పుట్టినాఁడని ఆనాఁడు ఎఱ్ఱని టోపియు ఎఱ్ఱని చేతులు లేని చొక్కాయు తొడుగుదురు. అఱువది నిండినవా రాడు బేస్‌బాలునకు ఆ పేరే పెట్టి 'కన్‌రెకి' ఆట యందురు. డెబ్బది నిండినవారి యాటకు 'కోకి' యని పేరు. మనలోను డెబ్బదవ యేఁట భీమరథశాంతి చేసికొనువారు కలరు గదా. వారు వాడు బంతి గట్టి తోలుబంతి గాదు, రబ్బరుబంతి. 1918 ప్రాంతమున క్యోటో నగరమున పిల్లలకు దెబ్బ తగులకుండుటకుఁ జేసిన బంతియిది. పిల్లలకొఱకుఁ జేసినది తాతలకును పనికివచ్చినది.

ఇఁక నడుపు విధము. దీనిలో మొదటి చిక్కు వయసు. మన దేశములో వయసు దాఁచువారు చిన్నవారమని చెప్పుకొందురు. ఈ లీగులలో దొంగతనము తలక్రిందులు: నలువది యెనిమిదేండ్లవాఁడు ఏఁబది తరగతిలోఁ జొరఁబడి, మందగించిన ముసలివారిపై గెలువఁ జూచును. కాఁబట్టి జన్మదినమునకు రుజువు చూపవలయును. ఇచ్చట నేనొక తప్పు నొప్పుకొనవలసియున్నది. పల్లెబడిలో పిల్లను జేర్చుటకు వచ్చిన తల్లి "పెద్ద తుపాను నాఁడు పుట్టినాఁడయ్యా" అనఁగా, నేను లెక్కపెట్టు నోపిక లేక జూలై 1వ తేది యని వ్రాసిన దినములు పెక్కు. మన యూళ్లలో ఇట్టి లీగు పెట్టినచో జాతకమును నమ్మవలయునా, పంతులు వ్రాసిన పుస్తకమును నమ్మవలయునా యని పెద్ద వ్యాజ్యెము వచ్చును.

రెండవ చిక్కు జట్ల పంపకము. లీగును స్థాపించినవాఁడు తన మిత్రులలో గట్టివారినందఱను ఒక్క జట్టునఁ జేర్చుకొన్నచో, మొదటియేఁడు గెలుచును. రెండవయేఁడు ఆడుట కెదుటివా రుండరు. దీనికి మందు కలదు. క్రొత్తవారి నందఱను ఒకనాఁడు పిలిచి, విసరుట, పట్టుట, కొట్టుట పరీక్షింతురు. తరువాత నాయకులు వంతులవారీగాఁ గోరుకొందురు. ఆఱు జట్లున్నచో మొదటి వరుసలో ఒకటినుండి ఆఱువఱకు. రెండవ వరుసలో ఆఱునుండి ఒకటికి. చివర కోరుకొన్నవాఁడే మరుక్షణమున మొదట కోరుకొనును. ఆస్తి పంచుకొను అన్నదమ్ములు నేర్వఁదగిన నేర్పిది.

మూఁడవది కాలపట్టిక. ఇది శుద్ధ గణితము. ఆఱు జట్లు ఒకదానితో నొకటి ఒక్కొక్కసారి యాడినచో 15 ఆటలు. రెండేసి సార్లయినచో 30. ఒక్కటే మైదానమున్నది, ఒక్కొక్క యాటకు రెండున్నర గంటలు పట్టునన్నచో, ఆదివారమునకు మూఁడాటలు, ఏడున్నర గంటలు. ఆఱు జట్లకును పని దొరకును. 30 ఆటలు 10 ఆదివారములలో ముగియును. వానకొఱకు రెండాదివారములు చేతిలో నుంచుకొనవలయును. మధ్యాహ్నపుటెండ ఎప్పుడు నొక్క జట్టుమీఁదనే పడకుండ వేళలు మార్చవలయును. ఈ చిన్నవిషయము మఱచినచోటనే పెద్దతగవులు పుట్టును.

జట్టున కెందఱు? తొమ్మండుగురే యున్నచో మనుమరాలి పెండ్లియో, మోకాటి నొప్పియో వచ్చి ఒకఁడు తగ్గఁగానే ఆట చెడును. పదునెనమండుగు రున్నచో సగముమంది కూర్చుండి చూచుటకే వచ్చినట్లగును. పండ్రెండుగురు మొదలు పదునైదుగురు తగినసంఖ్య. పదుమువ్వురేసి చొప్పున ఆఱు జట్లకు 78 మంది. ఇట్టి లీగులు చేసిన మంచి మార్పేమనఁగా, మైదానమున నిలుచువారు తొమ్మండుగురైనను, కొట్టుటకు వచ్చినవారందఱకును వంతు కలదు. ఎండలో నింత దూరము వచ్చినవాఁడు ఒక్కసారియైనఁ గఱ్ఱ పట్టకుండ నింటికిఁ బోఁడు. వృత్తిగా నాడువారి యాటలో ఈ పద్ధతి లేదు.

ముసలి దేహమునకుఁ దగినట్లు నియమములను మార్చుట నాలుగవ పని. ఈ యాటలో ప్రమాదము బలముగఁ గొట్టుటలోఁ గాదు. ఇరువది నిమిషములు కదలక నిలిచినవాఁడు హఠాత్తుగా 30 గజములు పరుగెత్తుటలో నున్నది. తొడవెనుక నరము పట్టుకొనుట అప్పుడే. కాఁబట్టి ఆటకుముందు అరగంట నడిచి, కాలు సాఁచి, చేయి త్రిప్పుకొందురు. పరుగెత్తఁజాలనివాఁడు కొట్టి బేసు చేరినపిమ్మట అతనికి మాఱుగా వేఱొకఁడు పరుగెత్తవచ్చును. ఆ వేఱొకఁడు చిట్టచివర ఔటైనవాఁడు కావలయునని పెక్కుచోట్ల ఆచారము. చురుకైనవాని నొక్కని నెప్పుడును పంపకుండుటకీ కట్టు. పరుగెత్తువాఁడు బంతి పట్టువానిని ఢీకొనరాదు. సాఫ్ట్‌బాలులో మొదటి బేసును రెండు రంగుల జంటబేసుగా నుంతురు. పట్టువాఁడు తెల్లదానిమీఁదను, పరుగెత్తువాఁడు రంగుదానిమీఁదను కాలు పెట్టును, కాళ్లు కలియవు. ఒక్క వంతులో ఐదు పరుగులకు మించి చేయరాదను హద్దును పెద్దవారి సాఫ్ట్‌బాలులో నుంతురు, చివరివంతునకుఁ దప్ప. ఓడుచున్నవానికిఁ గడవఱకు ఆశ యుండవలయునని దీని భావము. తొమ్మిది వంతులకు మాఱుగా ఏడింటితో ముగించు లీగులును గలవు.

నీరు, నీడ, మంచుగడ్డ తప్పనిసరి. గుండె తప్పినప్పుడు విద్యుత్తు తాఁకించు చిన్నయంత్ర మొకటి కలదు. దాని నుపయోగింప నేర్చినవాఁ డొకఁడు మైదానమున నుండుట మేలు. ఎదురొమ్మున బరువు, ఎడమచేతి లాగు కనఁబడినచో ఆటను వెంటనే నిలుపవలయును. "ఈ యొక్క వంతు ముగించి వచ్చెద" ననువాని మాట వినరాదు.

డబ్బుమాట. మైదానపు అద్దె, అంపైరుల కూలి, బంతులు, భీమా, ప్రధానమైన ఖర్చులివి. అంపైరు జట్టులవాఁడు గాక బయటివాఁడై, కూలి పుచ్చుకొనువాఁడై యుండవలయును. డెబ్బదేండ్లవాఁడు మూఁడవ బంతి తప్పిపోయినది కాదని పదేండ్ల బాలునివలె వాదించును. నాయకుఁడు తప్ప నన్యుఁడు అంపైరుతో మాటలాడరాదను నియమము లేనిచో సాయంకాలమగును. ఇఁక చందా. మొత్తమును 78చే భాగింపకుఁడు, 70చే భాగింపుఁడు. ఎనమండుగురు తప్పక బాకీ పెట్టుదురు. లెక్కపుస్తకము ఏ ఆదివారము నెవరడిగినను చూపవలయును. లీగులు ఆటకాండ్రు లేక చచ్చుట యరుదు. నడుపువాఁడు అలసి చచ్చుట తఱచు. అందుచే పట్టిక యొకనికి, డబ్బు ఒకనికి, మైదానము ఒకనికి పంచియుంచుట మంచిది.

ఇంతవఱకు చెప్పినది సులభమైన భాగము. కష్టమైనది వేఱున్నది. ఏండ్లు గడచుకొలఁది కన్ను తగ్గును. బంతి తనమీఁదికి వచ్చుచున్నను కానలేనివాఁడు మైదానమున నిలుచుట ప్రమాదము. అతనికా మాట ఎవరో ఒకరు చెప్పవలయును. నలువదేండ్లు పిల్లవానినుండి ఆడినవానితో "ఇఁక నీవు నిలువవలదు" అనుట, ఇంటి యజమాని చేతినుండి తాళముగుత్తి తీసికొనుట వంటిది. నా శిష్యుఁ డొకఁడు అమెరికాలో నుద్యోగము చేయుచు, తన యింటిదగ్గఱి మైదానమున చూచినదానిని నాకుఁ జెప్పెను. ఒక వృద్ధుని నాయకుఁడు ప్రక్కకుఁ బిలిచి చాలసేపు మెల్లగా మాటలాడెనఁట. వృద్ధుఁడు తల వంచుకొని నిలిచెనఁట. మఱుసటి ఆదివారము ఆయన అదే టోపి పెట్టుకొని, అదే చొక్కా తొడిగికొని, పలకమీఁద కాగితము నుంచుకొని పరుగులు వ్రాయుచుఁ గూర్చుండెనఁట. ఆట ముగియఁగానే ఇరుజట్లవారును ఆయనయొద్దకు వచ్చి తమ తమ లెక్కలు అడిగి తెలిసికొనిరఁట. నాయకుఁడు ఆయనను తీసివేయలేదు, చోటు మార్చెను. తీసివేయుటకును చోటు మార్చుటకును గల భేదము నెఱిఁగినవాఁడే లీగును నడుపఁదగినవాఁడు.

ఇట్టి కూటములలో ఒక్కొక్క యేఁడు ఒక్కొక్క పేరు కొట్టివేయవలసియు వచ్చును. ఇది వయసు ధర్మము. ఆ తొమ్మిదవ స్థానమున వేఱొకఁడు వచ్చి నిలుచును. కాని అది ఎవరి స్థానమో తక్కిన యెనమండుగురికిఁ దెలియును. తాను లేనినాఁడు తన స్థానము ఖాళీగాఁ గనఁబడు నని తెలియుట ముదిమిలో సామాన్యమైన ధైర్యము గాదు.

నేను మొదట చెప్పిన తొమ్మిది సంఖ్యకు మఱల వచ్చుచున్నాను. భజనలోఁ బదిమంది యున్నను, ఒక్కఁడు రాకున్నను పాట సాగును. అరుగుమీఁద నలుగురు కూర్చున్నను, ముగ్గురు కూర్చున్నను మాటలు సాగును. బేస్‌బాలులో తొమ్మండుగురు లేనిచో సాగదు. కాఁబట్టి ఆదివారము తెల్లవాఱకముందే "వచ్చుచున్నారా?" అని యొకఁడు అడుగును. రానిచో "ఏమైన"దని ఇంటికి వచ్చును. ఆరోగ్యము, వ్యాయామము, గెలుపు అన్నియు మంచివే. కాని నాకుఁ దోఁచినంతవఱకు, ఆ వృద్ధులను మంచముమీఁదినుండి లేపునది ఈ ప్రశ్నయే.

బేస్‌బాలు మన పల్లెలకుఁ దెండని నేను జెప్పుటలేదు. అంత మైదానము లేదు, అంత డబ్బు లేదు, మన మోకాళ్లు నట్లే యున్నవి. కాని ఆ లీగుల మర్మము బంతిలో లేదు, కఱ్ఱలో లేదు. ఒక దినము నిర్ణయించుట, ఒక వేళ నిర్ణయించుట, ప్రతివానికి ఒక చోటు నిర్ణయించుట, రానివాని పేరు గుర్తించుట, ఇవియే మర్మము. చదరంగమైనను, పులిజూదమైనను, పురాణకాలక్షేపమైనను, తెల్లవాఱుజాము నడకయైనను ఇట్లు నడుపవచ్చును. నడకకుఁ బోవువారు తొమ్మండుగురు ఒక్కచోటఁ గలిసి, తొమ్మండుగురును వచ్చినపిమ్మటనే కదలుదుమని కట్టుఁబాటు చేసికొన్నచోఁ జాలును.

మా యూరిలో మే మట్లు మొదలు పెట్టితిమి. ఏడుగురము. రావిచెట్టుక్రింద అయిదున్నరకుఁ గలియుదుము. నాయొద్దనున్న పాఁత హాజరుపట్టీలో ఖాళీపుటలు మిగిలియుండఁగా వానిలోఁ బేర్లు వ్రాసితిని. ముప్పది రెండేండ్లు పిలిచిన పిలుపే మఱల పిలుచుచున్నాను. పలుకని పేరున్నచో ఆ పూట నడక ఆ యింటివైపునకే.